నలభై ఏడో సీసా

అలారం మోగుతోంది!

ఆమె మెట్లు రెండేసి చొప్పున దూకుతోంది. కోటు జేబులో మంచులా చల్లటి సీసా. దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

వెనక బూట్ల చప్పుడు.

"మేడమ్! ఆగండి!"

గార్డు. రోజూ పొద్దున్నే గేటు తీసి నవ్వుతూ పలకరించే మనిషి. ఇప్పుడు చేతిలో పిస్తోలు!

ఆగితే తమ్ముడు దక్కడు.

వాడికి వచ్చింది ఫ్లూ. ఒకప్పుడు అయిదు రోజులు మాత్రలు మింగితే వదిలిపోయేది. ఇప్పుడు ఆ మాత్రలు మింగినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు. మందు ఎక్కడ పట్టుకుంటుందో సరిగ్గా అక్కడే వైరస్ రూపు మార్చేసుకుంది. ఆ కొత్త రూపుకి అతికే మందు కోసం ల్యాబ్‌లో మూడేళ్ళుగా ఆమె తంటాలు పడుతోంది. కంప్యూటర్లో గీయడం, ఫ్లాస్కుల్లో తయారుచేయడం, పారబోయడం, మళ్ళీ గీయడం...

నలభై ఏడోది పట్టింది!

కానీ మనుషులకి ఇచ్చి చూడ్డానికి అనుమతి రావాలంటే ఇంకో ఏడాది. తమ్ముడికి ఈ సాయంత్రం గడిస్తే గొప్ప అన్నారు డాక్టర్లు.

రోడ్డు! లారీ హారన్... బంపర్ కోటు అంచుని రాసుకుంటూ పోయింది.

ఆసుపత్రి వెనక గేటు. మెట్లు. మొదటి మలుపులోనే కాలు జారింది.

పిస్తోలు గొట్టం మెడకి చల్లగా తగిలింది.

"సీసా ఇవ్వండి."

"మీ కాళ్ళు పట్టుకుంటాను... మా తమ్ముడు అయిదో అంతస్తులో ఉన్నాడు. రేపు నేనే వచ్చి కంపెనీ వాళ్ళ ముందు నిలబడతాను!"

"కంపెనీ ఎవరిక్కావాలి మేడమ్?" అన్నాడు గార్డు. "మా అమ్మాయి మూడో అంతస్తులో ఉంది. డిగ్రీ చదువుతోంది. దానికీ ఇదే ఫ్లూ."

ఆమె సీసాని గుండెకి అదుముకుంది.

ఉన్నది ఒక్క డోసు!

గొట్టం ఇంకాస్త గుచ్చుకుంది. వేళ్ళు వాటంతటవే విడిపోయాయి.

"ఎలా ఎక్కించాలి?"

"మొత్తం... సెలైన్‌లో కలిపి..."

"మా ఆవిడ ఆ వార్డులోనే నర్సు. తను చూసుకుంటుంది."

మెట్లెక్కి మాయమయ్యాడు. ఆమె అక్కడే కూలబడిపోయింది. తమ్ముడికి ఏం చెప్పాలి?

ఫోన్! డైరెక్టర్.

"దొంగతనం చేస్తావని ముందే అనుకున్నానమ్మా. మీ వాడు ఆసుపత్రిలో చేరిన రోజే సీసాలు మార్చేశాను. నలభై ఏడు నా లాకర్లో ఉంది. నువ్వు పట్టుకెళ్ళింది నలభై ఒకటి. పొరపాటున కూడా ఎక్కించకు. మర్యాదగా వెనక్కి తెచ్చెయ్."

నలభై ఒకటి!

అదీ వైరస్‌ని చంపింది. గంట తిరక్కుండానే పన్నెండు ఎలుకల గుండెలు ఆపేసింది!

ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఆమె పరుగెడుతోంది. రెండో అంతస్తు... మూడో అంతస్తు...

వార్డు అద్దాల తలుపుకి లోపల గడియ. ముందు గార్డు అడ్డంగా నిలబడ్డాడు. అద్దంలోంచి నర్సు కనిపిస్తోంది. సిరంజి సెలైన్ సంచిలోకి దిగుతోంది.

"ఆపండి! అది వేరే మందు! గుండె ఆగిపోతుంది!"

"ఇందాక మీ తమ్ముడికైతే మందు. మా అమ్మాయికైతే విషమా?"

"ఒట్టు! నా మాట వినండి!" స్పీకర్ నొక్కింది. "సార్, మీరు సీసాలు మార్చేశారని ఈయనకి చెప్పండి... అమ్మాయికి ఎక్కించేస్తున్నారు!"

ఫోన్లోంచి డైరెక్టర్ గొంతు.

"ఎవరమ్మా అమ్మాయి? నేను ఏ సీసానీ మార్చలేదే! నాకేం సంబంధం?"

ఫోన్ కట్.

గార్డు పిస్తోలు ఎత్తాడు. "వెళ్ళిపోండి మేడమ్. మీ బాధ నాకు తెలుసు."

గోడ మీద మంటలార్పే ఎర్ర సిలిండర్! లాగింది. బలమంతా కూడదీసుకుని తలుపు మీదికి విసిరింది.

అద్దం భళ్ళుమంది.

ఢాం!

తొడలో నిప్పు! దబ్బున నేల మీద పడింది. అరవాలని నోరు తెరిచింది... గార్డు అరచేత్తో నొక్కేశాడు.

పగిలిన అద్దంలోంచి నర్సు మాట వినిపించింది.

"అటు చూడకు తల్లీ... మందు ఎక్కుతోంది. ఇంక నీకేం భయం లేదు."