గూటం ఊబిలో ఆగిన గొలుసు

నేను చెప్పబోయేది అబద్ధమనే మొనగాడు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేవండి. లేచి, కోటు తొడుక్కుని, లాంతరు లేకుండా గూటం ఊబి పక్కనున్న దుంగల బాట మీద ఒక్కసారి అటు నుంచి ఇటు నడిచి రండి. వచ్చాక మాట్లాడుకుందాం. ఒంటి చేత్తో ఎలుగుబంటి చెవి మెలిపెట్టినవాణ్ణి నేను. ఆ ఎలుగు ఇప్పటికీ నన్ను చూస్తే తల పక్కకు తిప్పుకుంటుంది. అలాంటి నేను కూడా పొద్దుగూకాక ఆ బాట తొక్కను.

ఆ ఊబి పేరు చెడ్డది. రాత్రిళ్లు అందులోంచి చప్పుడొచ్చేది. ధబ్... ధబ్... బురదలో ఎవరో గూటంతో గుంజ దిగ్గొడుతున్నట్టు.

"అది గూటం కొంగ, దాని కూతే అంత" అంటారు పట్నం నుంచి వచ్చిన తెలివిగలవాళ్లు. నిజమే! ఎండాకాలంలో ఆ కొంగ రెల్లులో నిలబడి, మెడ ఉబ్బించి, అచ్చం గుంజ పాతినట్టే కూస్తుంది. కాదనను. కానీ మంచు పడగానే కొంగలన్నీ దక్షిణానికి పోతాయి. మరి, నీళ్లు గడ్డకట్టాక కొట్టేదెవరు?

అది ఆల్ఫియస్ క్రాండల్‌కి తెలుసు.

ఆల్ఫియస్ క్రాండల్ ఎవరంటారా? కనెక్టికట్ కొండల్లో బడిపంతులు. పడమటి అడవుల్ని కొలిచేవాళ్లు కావాలని ప్రభుత్వం పిలిస్తే, దిక్సూచి ఒక భుజానా, ఇనప గొలుసు ఇంకో భుజానా వేసుకుని విస్కాన్సిన్ దాకా వచ్చేశాడు. ఇక్కడ అప్పుడు దారులు లేవు, ఊరంటే నాలుగు గుడిసెలే, దోమలు మాత్రం పిచ్చుకలంత ఉండేవి. ఆయన గీత గీశాడంటే గీతే. తోడేళ్లు ఆ గీతకు అటొక గుంపు, ఇటొక గుంపుగా విడిపోయి, ఎవరి వైపు లేడిని వాళ్లే తినేవి. నేను కళ్లారా చూశాను.

తర్వాత పటాలు గీశాడు. కౌంటీ పటాలు — వాగులు, మిల్లులు, చర్చిలు, ఎవరి పొలం పక్కన వాళ్ల పేరు. ఈ చుట్టుపక్కల ఆయన పటం వేలాడని కోర్టు గోడ లేదు. సరిహద్దు తగాదాలో వకీళ్లు గొంతు చించుకుంటుంటే జడ్జి గోడవైపు వేలు చూపించేవాడు. అంతే, తగాదా సరి.

కానీ ఆయన గీసిన మన కౌంటీ పటం ప్రతిదాంట్లోనూ ఒకచోట... గోరంత తెల్లటి ఖాళీ ఉండేది. వాగు వచ్చి దాని అంచున ఆగిపోయేది. గీత వచ్చి దాని అంచున ఆగిపోయేది.

"ఊబే కదండీ, నాలుగు రెల్లు పొదలు గీసి పారేయండి" అని అచ్చేసేవాళ్లు మొత్తుకునేవాళ్లు.

"నేను నడవనిది గీయను" అనేవాడు ఆల్ఫియస్. అంతకుమించి ఒక్క మాట రాలేదు ఆ నోట్లోంచి, జీవితాంతం.

గొలుసు పట్టే పద్ధతి చెబుతాను, వినండి. గొలుసుకు ఇద్దరు మనుషులు. ముందరి మనిషి కొస పట్టుకుని లాక్కుపోతాడు. గొలుసు బిగిసిందా, వెనక మనిషి "గుచ్చు!" అని అరుస్తాడు. ముందరివాడు గూటంతో నేలలో చువ్వ గుచ్చి "గుచ్చా!" అంటాడు. ఆ మాట చెవిన పడ్డాకే వెనకవాడు తన చువ్వ పీకి ముందుకు కదలాలి. పడేదాకా కదలకూడదు. అడవిలో ఒకరికొకరు కనపడరు. ఆ ఒక్క మాటే వాళ్లకు కన్ను.

ఆ రోజుల్లో ఆల్ఫియస్‌కి ముందరి మనిషి సొంత తమ్ముడు జోథమ్. కొత్తగా పెళ్లయినవాడు. పెళ్లాం పేరు కెజియా. చువ్వలు గడ్డిలో కనపడాలని ఆమె తన పెళ్లినాటి ఎర్ర లంగా చింపి, ఒక్కో చువ్వకు ఒక్కో పీలిక కట్టి ఇచ్చింది.

ఊబి దాకా వచ్చిన రోజు, పొద్దున్నే అన్నదమ్ములు మాటామాటా అనుకున్నారు.

"ఇవాళ ఇంటికి పోదాం అన్నయ్యా, అది ఒక్కతే ఉంది."

"గీత పూర్తి చేసి పోదువు. పెళ్లాం ఎక్కడికీ పోదు."

"నీకు పెళ్లాం ఉంటే తెలిసేది."

ఆ తర్వాత జోథమ్ అలిగాడు. గుచ్చు అంటే గుచ్చా అనడానికి కావాలని ఆలస్యం చేశాడు, రోజంతా. సాయంత్రం పొగమంచు దిగింది. ఆల్ఫియస్ ఓక్ చెట్టు దగ్గర నిలబడి "గుచ్చు!" అన్నాడు. జవాబు లేదు. ఇంకోసారి అన్నాడు. లేదు. వీడి అలక పాడుగానూ అనుకుని, దుంగ మీద కూర్చుని, పైపు వెలిగించాడు. జవాబు రానిదే కదలకూడదు కదా! పైపు పూర్తిగా కాల్చాడు... నిదానంగా.

అప్పుడు గొలుసు లాగి చూస్తే తేలిగ్గా వచ్చేసింది. కొసన బురద.

ఊరు ఊరంతా వెతికింది. ఊబి అప్పటికే మూసుకుపోయింది. ఎక్కడ మునిగాడో కూడా ఆనవాలు దొరకలేదు.

ఆ చలికాలమే చప్పుడు మొదలైంది. ధబ్... ధబ్...

కెజియా ఊరు వదలలేదు. దుంగల బాట చివర పూటకూళ్ల ఇల్లు పెట్టుకుంది. నల్ల గౌను తొడగలేదు. సమాధి లేదు, నల్ల గౌను ఎందుకు అనేది. రాత్రి భోజనానికి బల్ల మీద ఒక పళ్లెం ఎక్కువ పెట్టేది. తెలియక ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే గరిట చూపించి లేపేది. నన్నే లేపింది, ఎలుగుబంటిని గెలిచిన నన్ను!

ఏళ్లు గడిచాయి. ఆల్ఫియస్ గడ్డం నెరిసింది, పేరు పెరిగింది. ఒక డిసెంబరు సాయంత్రం గుర్రబ్బండి తోలే ఓబెడ్ టటిల్ ఆయన్ని తెచ్చి కెజియా గుమ్మం ముందు దించాడు. దగ్గి దగ్గి మనిషి సగమైపోయాడు.

"దయచేయండి బావగారూ" అంది కెజియా, తలుపుకు అడ్డంగా నిలబడే. "దారి మరిచిపోయారనుకున్నాను. పటాలు గీసేవారు కదా, మరిచిపోరేమో."

ఆల్ఫియస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "వసంతం దాకా ఉండనని డాక్టరు చెప్పాడమ్మా. పెద్ద పటం అచ్చుకు పోతోంది. వాణ్ణి ఆ తెల్ల ఖాళీలో వదిలేసి పోలేను."

"పటం కోసం వచ్చారా?"

"వాడి కోసం వచ్చాను. వాడు దొరికితే నువ్వు ఏడవచ్చు. అంతే."

ఆమె తలుపు మీది చెయ్యి తీసేసింది. తర్వాత పక్కకు తప్పుకుంది. ఉడికించిన చిక్కుళ్లు, పంది మాంసం, మొక్కజొన్న రొట్టె పెట్టింది. ఆ ఖాళీ కుర్చీలో మాత్రం కూర్చోనివ్వలేదు.

తింటుండగా వినపడింది... ధబ్.

"కొంగ" అన్నాడు ఆల్ఫియస్, తన మాట తనే నమ్మనట్టు.

"కొంగలు పోయి చాలా రోజులైంది బావగారూ."

ధబ్...

ఆ రాత్రే బయల్దేరారు. రాత్రే ఎందుకంటారా? ఏళ్లు గడిస్తే దిక్సూచి ముల్లు పక్కకు జరుగుతుంది. పాత గీత మళ్లీ దొరకాలంటే ధ్రువ నక్షత్రాన్ని చూసి పట్టుకోవాలి. పైగా రాత్రి చలికి గడ్డకడితేనే ఊబి మనిషిని మోస్తుంది. ఆల్ఫియస్ పాత ఓక్ మొద్దు దగ్గర, తన గొడ్డలి గాటు తడిమి చూసుకుని, నక్షత్రానికి గురిపెట్టాడు.

"ముందరి మనిషి కావాలి" అన్నాడు.

ఓబెడ్ లాంతరు రెండు చేతులతో పట్టుకున్నాడు. "నాకు చేతులు ఖాళీ లేవు పెద్దాయనా."

"నాకున్నాయి" అంది కెజియా. ఒక చేత్తో గొలుసు కొస, ఇంకో చేత్తో మంచును తట్టి చూసే కర్ర పట్టుకుని, గౌను ఎగదోపి ఊబిలోకి దిగింది.

ఊబి మీద దట్టంగా పట్టిన పొగమంచు ఆమెను మింగేసింది. గొలుసు ఆల్ఫియస్ కాళ్ల పక్కనుంచి జారుతూ పోయింది. గలగల... గలగల... ఎక్కడో మంచు పెళ్లుమంది. గొలుసు ఆగింది.

"కెజియా!"

ఓబెడ్ లాంతరు పట్టుకుని దుంగల బాట వెంట చప్పుడొచ్చిన వైపు పరుగెత్తాడు. ఆల్ఫియస్ ఒక్కడే మిగిలాడు, చీకట్లో, గొలుసు కొస పట్టుకుని... అప్పటిలాగే.

అప్పుడు గొలుసు కదిలింది. జారింది. మెల్లగా, పద్ధతిగా, పని తెలిసిన చెయ్యి లాగినట్టు... లాగి... బిగిసింది.

ఆయన తన వైపు కొస చువ్వకు ఆనించి పట్టుకున్నాడు. దగ్గాడు. ఊపిరి కూడదీసుకుని అన్నాడు —

"గుచ్చు!"

గొలుసు అలాగే బిగిసి ఉంది.

"గుచ్చు... నాన్నా, గుచ్చు!"

ధబ్... ధబ్... ఆ చప్పుడు ఆగింది. తర్వాత పొగమంచులోంచి, కుర్ర గొంతు, కాస్త విసుగ్గా, అలక ఇంకా తీరనట్టు —

"గుచ్చా!"

వెనక నుంచి ఎవరో ఆయన భుజం పట్టుకున్నారు. తిరిగి చూస్తే... కెజియా. మోకాళ్ల దాకా తడిసి, పళ్లు టకటకలాడుతూ. పక్కన లాంతరుతో ఓబెడ్.

"మంచు విరిగింది బావగారూ. పాక్కుంటూ దుంగల బాట ఎక్కి చుట్టూ తిరిగొచ్చాను. గొలుసు అక్కడే వదిలేశాను... ఎప్పుడో వదిలేశాను."

ముగ్గురూ గొలుసు వైపు చూశారు. బిగించిన తీగలా ఉంది.

"మరి ఆ కొస... ఎవరు..." ఓబెడ్ లాంతరు ఎత్తి పట్టుకున్నాడు.

ఆల్ఫియస్ వంగాడు. తన చువ్వ పీకాడు. కెజియా కోటు పట్టుకుంది. "వద్దు. ఒకణ్ణి మింగింది చాలదూ!"

"వాడు జవాబు చెప్పాడమ్మా" అన్నాడాయన. "చెప్పాక కూడా కూర్చుంటే ఎలా?"

ఆమె వేళ్లు సడలాయి. ఆయన గొలుసు వెంటే పొగమంచులోకి నడిచాడు. కెజియాను మోయని మంచు ఆయన్ని మోసింది. చాలాసేపటి దాకా అవతల నుంచి సన్నగా మాటలు వినపడ్డాయి. ఎవరికో నచ్చజెబుతున్నట్టు. ఓబెడ్ చెవులు మూసుకున్నాడు. కెజియా మూసుకోలేదు.

తెల్లారి గొలుసు పట్టుకుని జాగ్రత్తగా వెళ్లారు. గడ్డి దుబ్బు మీద ఆల్ఫియస్ కూర్చుని ఉన్నాడు, టోపీ ఒళ్లో పెట్టుకుని. బతికే ఉన్నాడు. ఆయన కాళ్ల ముందు నేలలో ఒక తుప్పు చువ్వ, గుచ్చిన చోటే, నిటారుగా. గొలుసు కొసనున్న పిడి దానికి తగిలించి ఉంది. చువ్వకు రంగు వెలిసిన పీలిక.

కెజియా వంగి ఆ పీలికను వేళ్లతో తడిమింది. ఆ ముడి తనదే. ఆ గుడ్డ తన పెళ్లినాటిదే.

"గుచ్చాడు" అన్నాడు ఆల్ఫియస్. "మునుగుతూ కూడా గుచ్చాడు. నన్ను పిలిచే ఉంటాడు. గాలి ఎత్తుకుపోయింది. నేను... అలిగాడనుకున్నాను."

అక్కడ తవ్వితే జోథమ్ దొరికాడు. ఎముకలు, పక్కన గూటం.

ఆ రోజు ఊరు మొత్తం సమాధి దగ్గరే ఉంది. కెజియా మొదటిసారి నల్ల గౌను తొడిగింది. రాత్రి బల్ల మీద ఎక్కువ పళ్లెం పెట్టలేదు. ఖాళీ కుర్చీ తనే లాగి, "కూర్చోండి బావగారూ" అంది.

ఆల్ఫియస్ ఆమె వంటింటి బల్ల మీదే పటం పూర్తి చేశాడు. తెల్ల ఖాళీలోంచి సన్నటి గీత ఒకటి దాటించి, మధ్యలో చిన్న చుక్క పెట్టాడు. మంచు కరగకముందే పోయాడు. తమ్ముడి పక్కనే పడుకోబెట్టాం. ఆ పెట్టె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. నిజం చెప్పాలంటే నేనొక్కణ్ణే మోశాను, మిగతావాళ్లు చెయ్యి వేశారంతే.

ఓబెడ్‌ని అడిగితే, "కెజియా జారవిడిచిన గొలుసు మంచు వాలున జారి చువ్వకు చిక్కుకుంది, పెద్దాయన గొంతే పొగమంచులో తిరిగొచ్చింది" అంటాడు. అననివ్వండి. పగలు అంటాడు కాబట్టి సరిపోయింది. రాత్రి ఆ బాటన బండి తోలమనండి చూద్దాం!

గూటం చప్పుడు ఆ రాత్రితో ఆగిపోయింది. ఇప్పుడు మంచు పడ్డ రాత్రిళ్లు అక్కడ వినపడేది వేరు. గొలుసు గలగల. "గుచ్చు!" అని ముసలి గొంతు. "గుచ్చా!" అని కుర్ర గొంతు, వెంటనే, ఆలస్యం లేకుండా. ఊబి దాటి, అడవి దాటి, ఉత్తరానికి... ఏడాదికేడాది ఇంకాస్త దూరం నుంచి.

ఎంత చలిగా ఉన్నా ఆ రాత్రిళ్లు పూటకూళ్ల ఇంటి కిటికీ ఒకటి తెరిచే ఉంటుంది. దాని పక్కన నల్ల గౌనులో ఒకామె కూర్చుని, గొంతులు పూర్తిగా మణిగిపోయేదాకా వింటుంది. నన్ను నమ్మకండి. ఆమెను అడగండి — కెజియా క్రాండల్.