ఎండ చెయ్యి, దీపం చెయ్యి

"ఏ బొగ్గుబట్టిల నుంచి వస్తున్నవయ్యా?" అని అడిగి, ఆ పిల్ల కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆత్మారాంకు ఒళ్ళు మండింది. బోధన్‌లో కొత్తగా పెట్టిన చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేయించే మనిషి అతను. నిజామాబాదు దవాఖానలో మోచేతులకు తారు పూసి, కరెంటు దీపం కింద కూర్చోబెట్టి, అప్పుడే బయటికి పంపారు.

"నీ చేతులకు పూసింది వెన్ననా మరి?" అన్నాడు.

ఆమె చేతులకూ అదే తారు. నవ్వు ఇంకా ఎక్కువైంది. "రేణుకా!" అని తండ్రి భోజన్న వెనక నుంచి గదిమాడు.

ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఎర్రని మచ్చలు, వాటి మీద పొట్టులా రాలే తెల్లని పొలుసులు. ఊళ్ళో జనం పెద్దరోగమేమోనని దూరం జరిగితే, డాక్టర్ షౌకత్ మాత్రం, "ఇది సోరియాసిస్. అంటుకోదు. వెలుతురుకు లొంగుతది," అన్నాడు. ఏ వెలుతురుకు ఎక్కువ లొంగుతుందో చూడాలని ఆయన పట్టుదల. మగవాళ్ళకు గదిలో దీపం, ఆడవాళ్ళకు పెరట్లో పరదాల నడుమ ఎండ. ఆ తర్వాత ఆత్మారాం చెయ్యి, రేణుక చెయ్యి ఒకే బల్ల మీద పెట్టించి పోల్చి చూసేవాడు.

రోజు విడిచి రోజు అదే రైలు. తండ్రీకూతుళ్ళు ఎడపల్లిలో ఎక్కేసరికి, బోధన్ నుంచి వచ్చే ఆత్మారాం కిటికీ పక్కన చోటు పట్టి ఉంచేవాడు. భోజన్న కూర్చోగానే కునుకు తీసేవాడు. పాపం, మంచి మనిషి.

"నా దీపమే గెలుస్తది, చూడు."

"దీపానికి మిడిసిపాటెక్కువ. నా ఎండ నిమ్మలంగ వస్తది."

ఒకరోజు పొద్దుటి నుంచీ ముసురు. అయినా ఆమె రైలెక్కింది.

"ఎండే లేదు గద, ఎందుకొచ్చినవ్?"

"నీ దీపాన్ని ఎక్కిరిద్దామని," అని, వాన చూస్తున్నట్టు మొహం తిప్పుకుంది. ఆ రోజే ఆత్మారాం పని అయిపోయింది.

అతని మచ్చలు పలచబడ్డాయి. ఆమెవి ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎండతో లాభం లేదేమోనని డాక్టర్ దిగులుపడ్డాడు. తిరుగు రైలులో, తారు కడుక్కున్న ఆమె చేతులను ఆత్మారాం గమనించాడు.

"ఇన్ని దినాల సంది ఎండల కూసుంటున్నవ్. చెయ్యి జర గూడ నల్లబడలేదేంది?"

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన గురక పెడుతున్నాడు.

"చెద్దరు కప్పుకొని కూసుంటున్న," అంది మెల్లగా. "మోస్రా ఊర్ల మా మేనబావ ఉన్నడు. నేను పుట్టంగనే మాటిచ్చిండ్రు. మచ్చలు పోతే లగ్గమంటున్నరు. పోకుంటే గీ రైలుంటది. నువ్వుంటవ్."

ఆత్మారాం మనసు గంతులేసింది. తన కోసం ఒక మనిషి జబ్బును మాననీయకుండా ఉంచుకుంటోంది! అంతలో ఆమె జొన్నరొట్టె మూట విప్పింది. వేళ్ళు పగిలి నెత్తురు చెమ్మ కనిపిస్తోంది. కారం తగలగానే చెయ్యి విదిలించి, కళ్ళు ఒత్తుకుని, తినకుండానే మూట కట్టేసింది. తన సంతోషానికి అతనికే సిగ్గేసింది.

"చెద్దరు తీసెయ్."

"తీసేస్తే మోస్రాకు పోవాలె గద."

"మీ బాపును నేను అడుగుత. ఒప్పుకోకున్నా నువ్వు ఎండల కూసోవాలె. నా మీద ఒట్టు."

అడిగాడు. భోజన్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నీ అసుంటోడు నాకు దొరుకుతడా బిడ్డా? కానీ మా అవ్వ పోయినంక అక్కనే నన్ను సాదింది. గా అక్కకు మాటిచ్చిన. ఎట్ల తప్పాలె?"

రేణుక ఒట్టు నిలబెట్టుకుంది. ఏడుస్తూనే ఎండలో కూర్చుంది. ఎండ ఎవరి గోడూ వినదు, దాని పని అది చేసుకుపోయింది. చెయ్యి నల్లబడింది, పొలుసులు రాలాయి, వేళ్ళ పగుళ్ళు మానాయి.

చివరిసారి రెండు చేతులూ బల్ల మీద పెట్టించి, డాక్టర్ షౌకత్ పిల్లవాడిలా సంబరపడ్డాడు.

"దీపానికి తొందరెక్కువ, ఎండ నిదానం. రెండూ గెలిచినయి. ముబారక్! ఇగ మీరు రావాల్సిన పని లేదు."

బల్ల మీది చేతులు రెండూ కదల్లేదు.

తిరుగు రైలులో భోజన్న కునుకు తీయలేదు. "బిడ్డా, నీ మాటకే అది బాగైంది. లగ్గానికి రావాలె. నువ్వు రాకుంటే నా పానం ఒప్పదు," అన్నాడు.

"వస్త కాకా."

ఎడపల్లిలో తండ్రి ముందు దిగాడు. రేణుక రైలు డబ్బా గుమ్మంలో ఆగింది.

"లగ్గానికి రాకు," అంది. "నిన్ను సూస్తే పీటల మీద నుంచి లేసి నీ ఎనుక వస్త."

లేచి రా అనాలని ఆత్మారాం ప్రాణం కొట్టుకుంది.

"రాను," అన్నాడు.