చిన్ని వచ్చే శనివారం

శనివారం ఉదయం డయానా ఇడ్లీలు దించేసరికే కూతురు వినీల తల దువ్వుకుని హాల్లో కూర్చుంది. పటమటలోని ఆ ఫ్లాట్‌లో ఆ పిల్ల తనంతట తాను తల దువ్వుకునేది శనివారాల్లోనే. మనసుకు ఊరటనిచ్చేలా శిక్షణ పొందిన తన థెరపీ డాగ్ చిన్నిని కౌన్సెలర్ రామతులసి తీసుకొచ్చే రోజు అది.

హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ గుద్ది అన్న యేసుబాబు పోయాక, పద్నాలుగేళ్ల వినీల మాట మానేసింది. బడికి వెళ్లడం లేదు. మందులు, ప్రార్థనలు అన్నీ అయ్యాయి. చిన్ని వచ్చి ఒళ్లో తలపెట్టి ఊరికే పడుకోవడం అలవాటయ్యాకే, దాని చెవిలో ఏదో గొణగసాగింది.

"ఎవరి కోసం కూర్చున్నావు? ఆవిడ ఇక రాదు. రావద్దని నిన్నే ఫోన్ చేశాను," అన్నాడు తండ్రి ఎలీషా, ఆఫీసుకు తయారవుతూ.

వినీల లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

డయానా వంటింట్లోంచి వచ్చింది. "నన్నొక్క మాట అడగలేదేంటండీ?"

"అడిగేదేముంది? కుక్కతో వైద్యమేంటని లిఫ్టులో నవ్వుతున్నారు. చర్చిలో మా అక్క ముందు తలెత్తుకోలేకపోతున్నాను."

"మీ అక్క ఒక్క రోజైనా వచ్చి పిల్ల పక్కన కూర్చుందా? ఆ నవ్వేవాళ్లు పిల్లకి ఒక్క ముద్ద తినిపించారా? మనుషులందరం 'ఏడవకు, ధైర్యంగా ఉండు' అని దాని నోరు నొక్కేశాం. ఆ మూగజీవం ఒక్కటే ఏమీ అనకుండా వింది. అదీ లేకుండా చేస్తారా?"

"గొంతు తగ్గించు."

"తగ్గించను. ఇన్నాళ్లూ తగ్గించే ఉన్నాను. పిల్ల చిన్నితో ఏం చెప్పుకుంటోందో ఎప్పుడైనా విన్నారా?"

"విన్నాను," అన్నాడు ఎలీషా. "'అన్నయ్య నాకోసం నూజివీడు రసాలు తెస్తానని వెళ్లాడు' అని చెప్తోంది. ఆ కుక్క వచ్చినప్పుడల్లా ఇంట్లో వాడి మాటే డయానా. నేను వినలేకపోతున్నాను."

డయానా నిశ్చేష్టురాలైంది. సమాధుల తోటలో కూడా అతను కంటతడి పెట్టలేదు. గట్టివాడని అందరూ అన్నారు, తనూ అలాగే అనుకుంది. అయినా కోపం చల్లారలేదు.

"మీరు వినలేకపోతే, పిల్ల చెప్పుకోవడం మానేయాలా?"

ఎలీషా కూతురు మూసుకున్న తలుపు వైపు చూశాడు. తనే ఫోన్ తీశాడు. "రామతులసి గారూ, నిన్న తప్పుగా మాట్లాడాను. వీలైతే చిన్నిని తీసుకురండి."

మధ్యాహ్నం చిన్ని వచ్చింది. ఆఫీసు మానుకున్న ఎలీషా గది గుమ్మంలోనే నిలబడిపోయాడు. నేల మీద కూర్చున్న వినీల అతన్ని చాలాసేపు చూసింది. లేచి వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టి, ఆ చేతిని చిన్ని వీపు మీద పెట్టింది.

"దీనికి చెప్పు నాన్నా. ఇది ఏమీ అనదు."

ఆ ప్రమాదం తర్వాత తండ్రితో ఆ పిల్ల మాట్లాడటం అదే మొదలు. "నా కొడుకు..." అన్నాడు ఎలీషా. ఆపైన మాట రాలేదు, ఏడుపే వచ్చింది. వద్దని ఎవరూ అనలేదు.