పొద్దుగూకని అడవి

రాత్రి పన్నెండు దాటి పది నిమిషాలు.

సూర్యుడు ఇంకా ఉన్నాడు!

సరస్సు అవతల, పైన్ చెట్ల కొసల మీద, కోసిన బొప్పాయి ముక్కలా వేలాడుతున్నాడు. దిగడు. పోడు. ఫిన్లాండ్ ఉత్తరపు కొసలో జులై నెలలో చీకటనేదే లేదు.

చీకటి ఉంటే ప్రభాకర్ ఎప్పుడో తప్పించుకునేవాడు.

పరుగెత్తుతున్నాడు. వీపు మీద అరవై కిలోల మనిషి. ఓదెలు. చందుర్తి వాడు. సిరిసిల్లలో పదేళ్లు మరమగ్గాలు నడిపినవాడు. తను నేసిన దుప్పటితోనే ఇప్పుడు ప్రభాకర్ వీపుకి కట్టేసి ఉన్నాడు.

కాళ్ల కింద చెక్క పలకలు. రెండు జానల వెడల్పు. సెలవులకి నడవడానికొచ్చే తెల్లవాళ్ల కోసం అడవి పొడుగునా వేసిన బాట. అటూ ఇటూ నాచు కప్పిన ఊబి.

వెనక కుక్క మొరిగింది!

ఆ వెంటనే విజిల్. పొడుగ్గా... మూడుసార్లు.

"దించు తమ్మీ," చెవి దగ్గర ఓదెలు గొంతు కాలిపోతోంది. "నువ్వన్న బతుకు."

"సప్పుడు చెయ్యకన్నా. ఊపిరి దాసుకో."

ఓదెలు కుడికాలు మోకాలి కింద నల్లబడిపోయింది. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. నాలుగు రోజులైంది. ఇంకో పూట గడిస్తే కాలు మాట అటుంచి, మనిషే దక్కడు.

ఆ కాలు విరగ్గొట్టింది రంజిత్. క్యాంపు లీడర్. అడవి పండ్లు ఏరడానికి తెచ్చిన పన్నెండు మంది మీద పెత్తనం వాడిదే. నా పాస్‌పోర్ట్ నాకియ్యి, ఇంటికి పోతానని ఓదెలు అడిగాడు. రంజిత్ ఇనుప రాడ్డుతో జవాబిచ్చాడు. ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టర్ అడుగుతాడు, పోలీసులొస్తారు. అందుకే షెడ్డులో పడేసి తాళం వేశాడు.

ఈ మధ్యాహ్నం ప్రభాకర్ ఆ తాళం పగలగొట్టాడు.

అప్పట్నుంచీ పరుగే!

నిజానికి పాస్‌పోర్టులు రంజిత్ లాక్కోలేదు. అడగనైనా లేదు. దిగిన రోజే పన్నెండు మందీ లైన్లో నిలబడి వాళ్లే ఇచ్చేశారు. ప్లాస్టిక్ కవరులో చుట్టి మరీ. షార్జాలో అంతే కదా, మస్కట్‌లో అంతే కదా... కంపెనీ చేతిలో పెట్టడమే పద్ధతి. పెట్టకపోతే మనిషి మీద అనుమానం.

పాస్‌పోర్ట్ లేకుండా క్యాంపు దాటితే ఏమవుతుందో ప్రభాకర్‌కి బాగా తెలుసు. షార్జాలో ఓసారి దాటాడు. యూనిఫాం వాడు పట్టుకున్నాడు. డెబ్బై మూడు రోజులు జైలు. నలభై మందికి ఒక్క పంపు.

కుక్కతో వెనక వస్తున్న వాళ్ల ఆరెంజ్ జాకెట్లు కూడా యూనిఫామే!

చొక్కా జేబులో, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోన్ వణికింది. లక్ష్మీరాజం మామ.

వరసకి మామ కాదు. కోరుట్ల బస్టాండు దగ్గర ఆఫీసు పెట్టిన ఏజెంటు. ప్రభాకర్ ఊరు బుగ్గారంలో అందరూ మామే అంటారు. షార్జా జైలు నుంచి ప్రభాకర్‌ని విడిపించి, టికెట్ కొని ఇంటికి చేర్చిన మనిషి. ఈ వీసా ఇప్పించిందీ ఆయనే. షెడ్డు తాళం పగలగానే ప్రభాకర్ మొదట ఫోన్ చేసింది ఆయనకే.

"అల్లుడా, గా పోలీసోళ్లకు దొరక్కు. గీసారి నేను గూడ తేలేను. లైవ్ లొకేషన్ పెట్టు. నా మనిషి పడవ తీస్కొని అస్తడు."

"రంజిత్‌కు తెల్వద్దు మామా."

"నాకొక్కనికే పెట్టు. ఇంకెవ్వలకు వద్దు."

పెట్టాడు. మ్యాపు మీద చిన్న చుక్క మెరిసింది. కోరుట్ల నుంచి మామ చూస్తున్నాడు. ఆ ఒక్క ధైర్యం చాలు.

విజిల్... ఈసారి దగ్గర్లో!

ప్రభాకర్ అడుగు పెంచాడు. ఇంకో అరకిలోమీటరు. అదిగో సరస్సు మెరుస్తోంది. దోమలు ముక్కులోకి, నోట్లోకి. ఉమ్మేసే టైం లేదు.

పలక పుటుక్కున విరిగింది!

ఆకాశం తిరగబడింది. నడుము దాకా చల్లటి ఊబి. వీపు మీద ఓదెలు తల బురదలో మునిగింది... బుడగలు! ప్రభాకర్ పళ్లతో దుప్పటి ముడి లాగాడు. ఓదెలుని పలకల మీదికి నెట్టాడు. నెట్టిన ప్రతిసారీ తను ఒక జానెడు దిగుతున్నాడు.

పొట్ట దాకా.

ఛాతీ దాకా!

కుక్క వచ్చేసింది. నల్లటిది, దూడంత ఉంది. కరవలేదు. ఓదెలు పక్కన కూర్చుని మొరిగింది.

దాని వెనకే ఆరెంజ్ జాకెట్. యాభై దాటిన ఆడమనిషి. నెరిసిన జుట్టు.

ప్రభాకర్ చేతికందిన కర్ర ఎత్తాడు. ఆమె అడగకముందే నోటి నుంచి ఊడిపడింది.

"నో పాస్‌పోర్ట్."

ఆమె వినిపించుకోలేదు. భుజాన ఉన్న బ్యాగు పలక మీద పెట్టి, బోర్లా పడుకుని, చెయ్యి చాచింది.

పాస్‌పోర్ట్ అడగలేదు!

యూనిఫాం వేసుకుని పాస్‌పోర్ట్ అడగని మనిషిని ప్రభాకర్ జీవితంలో చూడలేదు. కర్ర జారిపోయింది. చెయ్యి పట్టుకున్నాడు.

సరస్సు ఒడ్డున చెట్ల వరస దాకా ఓదెలుని ఇద్దరూ కలిసి చేర్చారు. కాలికి కట్టు వేస్తూ, విడివిడిగా ఇంగ్లిష్ మాటలు పేరుస్తూ ఆమె చెప్పింది. మేం పోలీసులం కాదు, అడవిలో తప్పిపోయిన వాళ్లని వెతికే వాళ్లం. మిగతావాళ్లు ఇంకా వెనకున్నారు. క్యాంపు నుంచి ఎవరో ఫోన్ చేశారు, కాలు విరిగిన మనిషి అడవిలో ఉన్నాడని. ఫోన్ చేసినతని పేరు విఠల్. విజిల్ వేసిన ప్రతిసారీ మీరే ఇంకా దూరం పోయారు.

విఠల్! వంట మనిషి. రంజిత్ పళ్లెంలో తినే మనిషనుకుని ప్రభాకర్ ఏనాడూ నమ్మని విఠల్!

పాస్‌పోర్ట్ బాస్ దగ్గరుందని ప్రభాకర్ ఒప్పుకున్నాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. ఈ దేశంలో అది అతని నేరం, నీది కాదు అంది.

"హీ షుడ్ రన్. నాట్ యూ."

వాకీటాకీలో ఏదో చెప్పి పది వేళ్లు చూపించింది. పది నిమిషాల్లో హెలికాప్టర్. ఓదెలు బతుకుతాడు.

పది నిమిషాలే!

ఫోన్ వణికింది. మామ వాయిస్ మెసేజ్. "పడవ అచ్చింది అల్లుడా. ఒడ్డుకు రా."

సరస్సు మీద పొగమంచు. అందులో ఎక్కడో ఇంజిన్ చప్పుడు. మామ మాట తప్పలేదు...

మంచు ఒక్కసారి చీలింది.

పడవలో ఇద్దరు. ఒకడు ఇంజిన్ దగ్గర. రెండోవాడు ముందు భాగంలో, ఒళ్లో పొడుగాటి తుపాకీ.

రంజిత్!

వాడు సరస్సుని చూడటం లేదు. ఒడ్డునీ చూడటం లేదు. చేతిలో ఫోన్ చూస్తున్నాడు. ఫోన్ చూసి, పడవని కొంచెం ఎడమకి తిప్పమని చెయ్యి ఊపాడు.

తిన్నగా ఇటే!

ప్రభాకర్ తన ఫోన్ చూశాడు. లైవ్ లొకేషన్ పెట్టింది ఒక్కరికే. ఒకే ఒక్కరికి!

ఆపెయ్యాలి. బొటనవేలు స్క్రీన్ మీదికి వెళ్లింది... ఆగింది. ఆపేస్తే? చివరి చుక్క ఇక్కడే ఉంటుంది. ఓదెలు పక్కనే. ఈమె చేతిలో కత్తెర తప్ప ఏమీ లేదు.

ఆమెకి సరస్సు వైపు చూపించి, చేతుల్తో తుపాకీ గుర్తు చూపించాడు. ఆమె ఓదెలు మీదికి వంగి, కనపడకుండా కొమ్మలు లాగసాగింది.

"అన్నా, గిప్పుడే వస్త."

ఓదెలు అతని చొక్కా పట్టుకున్నాడు. "ఏడికిరా?"

"పడవోళ్లకు తొవ్వ చూపెట్టి వస్త. నువ్వు పండుకో."

వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకున్నాడు.

ఉరికాడు!

ఇప్పటిదాకా దొరక్కుండా ఉరికాడు. ఇప్పుడు వెంట రమ్మని ఉరుకుతున్నాడు. ఒడ్డు వెంట, చెట్ల చాటున, ఉత్తరానికి. వీపు మీద బరువు లేదు. కాళ్లు తమంతట తామే పోతున్నాయి. పక్కన ఏదో నల్లగా... కుక్క! అదీ ఉరుకుతోంది.

సరస్సు మీద ఇంజిన్ చప్పుడు మలుపు తిరిగింది. ఉత్తరానికి.

చుక్క వెంట పడవ!

మూడు నిమిషాలు. ఐదు. ఫోన్ మోగింది.

"ఒడ్డుకు రమ్మంటె ఎటు పోతున్నవ్ అల్లుడా?"

"తొవ్వ తప్పిన మామా."

అవతల కోరుట్లలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. "ఓదెలు నీ తోనే ఉన్నడా?"

ఎట్లున్నడు అని అడగలేదు. మధ్యాహ్నం నుంచీ ఒక్కసారీ అడగలేదు.

"ఉన్నడు. నా వీపు మీదనే ఉన్నడు."

ఎనిమిది నిమిషాలు. పక్కటెముకల కింద కత్తి దింపినట్టు నొప్పి. నేల అయిపోయింది. ముందు బండరాయి, దాని చుట్టూ నీళ్లు. ఇక ఉరకడానికి చోటు లేదు.

దూరంగా... దడదడదడ!

హెలికాప్టర్. చెట్ల మీద ఆగింది. తాడు దిగింది. ప్రభాకర్ లెక్కపెడుతున్నాడు. ఊపిరినా, క్షణాలనా, తెలియదు. తాడు బిగిసింది. ఓ స్ట్రెచర్ కొమ్మల్లోంచి మెల్లగా పైకి లేచింది. దాని మీద సిరిసిల్ల దుప్పటి.

రంజిత్ తల అటు తిప్పాడు. లేచి నిలబడ్డాడు. తుపాకీ భుజానికి ఎత్తి అటే గురిపెట్టాడు!

ప్రభాకర్ బండ మీదికి ఎక్కాడు. ఎండలోకి, నిలువెత్తున.

"రంజిత్! ఈడున్నరా."

తుపాకీ గొట్టం వెనక్కి తిరిగింది. అతని వైపు.

స్ట్రెచర్ ఇంకో మూరెడు లేచింది. లోపలి నుంచి రెండు చేతులు దాన్ని అందుకున్నాయి.

ప్రభాకర్ చెవి దగ్గర ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. "మామా," అన్నాడు మెల్లగా. "ఓదెలన్న ఎక్కిండు."

ఢాం!