అరవయ్యో పేషెంటు డైరీ

ఆమె నా ముఖం కంటే ముందు నా కడుపు లోపలి ఫొటోలు చూసింది. మొత్తం పదకొండు. ఎండోస్కోపీ చేసిన పెద్ద డాక్టర్ వాటిని ఫైల్లో పెట్టి పంపితే, తలెత్తకుండా ఒక్కొక్కటే తిప్పి చూసి, "చాలా నీట్‌గా ఉంది," అంది.

"థాంక్సండీ," అన్నాను.

"నీట్‌గా ఉండటమే ప్రాబ్లం. లోపల పుండు లేదు, వాపు లేదు. అయినా మంట అంటున్నారు. అలాంటివాళ్ల మీదే మా స్టడీ." అప్పుడు తలెత్తింది. "మీరు అరవయ్యోవారు. హమ్మయ్య, మీతో మాకు కావలసినంతమంది దొరికారు."

ఆమె తలెత్తేసరికి గోడ గడియారంలో సరిగ్గా పది నలభై. అది నాకెలా గుర్తుందంటే, నా ఉద్యోగమే అలాంటిది. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ని. కొట్లలో త్రాసులు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి ముద్ర వేస్తాను. అయిదు గ్రాములు తేడా వచ్చినా ఊరుకోనని ఆఫీసులో నాకు 'గ్రాము' అని పేరు పెట్టారు. ఇంట్లో అక్కా బావా కూడా అదే అందుకున్నారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు పిలిస్తే పలుకుతున్నాను.

ఆమె సొరుగులోంచి ఒక అట్ట తీసి నా ముందు పెట్టింది. దాని మీద వరసగా ఏడు బొమ్మలు. మనిషి పొద్దున్నే బాత్రూంలో సాధించే ఫలితం ఏడు రకాలుగా ఉంటుందట. ఒకటోది గులకరాళ్లు, ఏడోది వరద.

"వీటిలో మీది ఏది?"

ఒక అమ్మాయి నన్ను అడిగిన మొట్టమొదటి పర్సనల్ ప్రశ్న అది.

"నాలుగు," అన్నాను కిటికీ వైపు చూస్తూ.

"వెరీ గుడ్! నాలుగు చాలా మంచిది," అని నవ్వింది.

పదో తరగతిలో లెక్కల్లో ఫస్టు వచ్చినప్పుడు కూడా నన్నెవరూ అంత మనస్ఫూర్తిగా మెచ్చుకోలేదు.

తర్వాత, స్టడీ కోఆర్డినేటర్ హోదాలో, రూల్స్ చెప్పింది. పన్నెండు వారాలు. ప్రతి మంగళవారం పది నలభైకి ఖాళీ కడుపుతో రావాలి. సగంమందికి అసలు మాత్ర, సగంమందికి ఉత్తుత్తి మాత్ర. ఎవరిది ఏదో నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు, పెద్ద డాక్టర్‌కీ తెలియదు. కడుపులో ఏం జరిగినా టైముతో సహా డైరీలో రాయాలి, పదికి ఎంతో మార్కులు వెయ్యాలి.

"అబద్ధాలు రాయకూడదు," అంది.

"నేను తూనికల ఇన్‌స్పెక్టర్నండీ," అన్నాను. కొంచెం నొచ్చుకునే అన్నాను.

"సారీ. ఇంకో రూలుంది. స్టడీ అయ్యేదాకా స్టాఫ్‌కీ పేషెంటుకీ మధ్య పర్సనల్ పరిచయాలు ఉండకూడదు. ఉన్నట్టు తేలితే పేషెంటుని తీసేస్తారు."

"తీసేస్తే?"

"అరవైలో ఒక్కరు తగ్గినా స్టడీ చెల్లదు. రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి పోగేశాను అరవైమందిని. ఇది పోతే నా ఉద్యోగమూ పోతుంది."

ఇలాంటి రూలు ఒకటుందని నవ్వకముందే చెప్పాల్సింది.

రెండో మంగళవారం ఆమె నా బరువు చూసి, "అరవై నాలుగు పాయింట్ రెండు," అని రాసుకుంటోంది. ఆ మిషను నలభై గ్రాములు ఎక్కువ చూపిస్తోందని చెప్పాను. "అవునా!" అని ఆశ్చర్యంగా నా వైపు చూసింది. నాకు కడుపులో ఏదో కదిలింది. మంట కాదు. నేనెరిగిన ఏ బాధా కాదు. రూలు రూలే కదా, డైరీ తీసి రాశాను. '10.46. కడుపులో ఏదో తిరుగుతోంది. నొప్పి లేదు. పదికి ఎనిమిది.'

మూడో వారం మళ్లీ ఎనిమిది. నాలుగో వారం ఎనిమిదిన్నర.

ఆ వారం ఆమె డైరీ తిరగేసి, పెన్ను దవడకి ఆనించి ఆలోచనలో పడింది. "వింతగా ఉందండీ. మీ మంట మూడో వారానికే సగం తగ్గింది. కానీ ఈ తిరగడమేంటి? మంగళవారాలే వస్తోంది. అదీ ఈ గదిలోనే."

"అవునండీ."

"కారణం అన్న గడి ఖాళీగా వదిలేశారేం?"

"తెలియదు అని రాస్తే అబద్ధం అవుతుందండీ. అందుకని ఖాళీగా వదిలేశాను."

ఆమె నన్నొక క్షణం అనుమానంగా చూసి, పెద్ద డాక్టర్‌కి రిపోర్టు రాసింది. ఆయన ముప్ఫై ఏళ్లుగా జనం పేగుల్లోకి గొట్టం దూర్చి చూసిన మనిషి. కారణం అనేది ఎక్కడో ఒకచోట కంటికి కనబడి తీరాలని ఆయన నమ్మకం. గదిలోకి వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"రూం ఫ్రెష్‌నర్. తీసెయ్యండి."

తీసేశారు. అయిదో వారం పదికి తొమ్మిది.

"చేపల తొట్టి. ఆ చేపలు గుండ్రంగా తిరుగుతుంటే చూసేవాళ్లకీ తిరుగుతుంది."

చేపల తొట్టి, దాంతోపాటు కర్టెన్లు, క్యాలెండరు, గోడ మీద వేలాడే జీర్ణవ్యవస్థ పటం అన్నీ వరండాలోకి వెళ్లిపోయాయి. ఆరో వారం వెళ్లేసరికి గదిలో రెండు కుర్చీలు, బల్ల, ఆమె. అంతే. పదికి తొమ్మిదిన్నర.

పెద్ద డాక్టర్ గుమ్మంలో నిలబడి గదంతా కలియజూశాడు. చివరికి ఆయన చూపు ఆమె మీద ఆగింది. "అమ్మాయ్, ఇంక మిగిలింది నువ్వే," అని వెళ్లిపోయాడు.

ఆమె ముఖం జేవురించింది. "నన్ను చూస్తే మీకు అంత వెగటా?"

"కాదండీ!"

"మరేంటి?"

నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి నిజం వస్తే అరవై కాస్తా యాభై తొమ్మిది అవుతుంది. రెండేళ్లు ఆమె కాళ్లరిగేలా తిరిగిన తిరుగుడంతా గంగలో కలుస్తుంది. నోరు మూసుకున్నాను.

"చెప్పక్కర్లేదు లెండి. అర్థమైంది," అని ఫైలు టపీమని మూసింది. కళ్లలో నీళ్లున్నాయి. నా వల్ల ఒక మనిషి కళ్లలో నీళ్లు రావడం నేను చూడటం అదే మొదలు.

పెద్ద డాక్టర్ పద్ధతి ప్రకారం నడిచాడు. ఒక మందు మీద అనుమానం వస్తే కొన్నాళ్లు ఆపి చూస్తారట, లక్షణం తగ్గితే మళ్లీ మొదలుపెట్టి చూస్తారట. ఆ లెక్కన రెండు వారాలు ఆమెని ఆపారు. ఆమె కుర్చీలో మీసాల కాంపౌండరు కూర్చున్నాడు.

ఏడో వారం పదికి సున్నా. ఎనిమిదో వారం పదికి సున్నా.

"మరీ సున్నాయేనా సార్? ఒకటన్నా వెయ్యరా?" అన్నాడు కాంపౌండరు దిగులుగా.

ఆ రోజు బయటికొచ్చేసరికి వాన దంచికొడుతోంది. ఎదుటి షెడ్డు కింద ఆమె ఉంది. చేతిలో ఉన్న ప్లాస్టిక్ షీటు ఫైళ్లకి చుట్టి, తను మాత్రం తడిసి ముద్దైంది. ఆ ఫైళ్లలో నాదీ ఒకటి ఉండి ఉంటుంది. అంటే నేను పొడిగా ఉన్నాను, ఆమె తడిసింది. మాట్లాడకూడదు. నా గొడుగు తెచ్చి ఆమె పక్కన బెంచీ మీద పెట్టి, తల తిప్పకుండా వానలోకి నడిచాను. రెండు రోజుల తర్వాత కాంపౌండరు ఆఫీసుకొచ్చి గొడుగు ఇచ్చాడు. దానికో కాగితం గుచ్చి ఉంది. 'అరవయ్యో పేషెంటుకు చెందిన గొడుగు ఒకటి. ఆరబెట్టి, వాపసు చేయడమైనది.' కింద ఆమె సంతకం. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది.

ఇంట్లో అక్క కనిపెట్టేసింది.

"ఏరా గ్రామూ, మంట తగ్గిందన్నావు. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉందేం?"

"ఆకలి లేదక్కా."

"రెండు వారాల్లో చిక్కి సగమయ్యావు."

"సగం కాదక్కా. ఒక కిలో ఆరువందల గ్రాములు."

"ఆస్పత్రిలో ఎవర్రా నిన్ను చూస్తున్నది?"

"కాంపౌండరు. మీసాలుంటాయి."

"అంతకుముందు?"

నేను మంచినీళ్లు తాగడం మొదలుపెట్టాను. బావ పేపర్లోంచి తలెత్తకుండానే, "మీసాలు లేనివాళ్లయ్యుంటారు," అన్నాడు. అక్క నా వైపు చూసి, ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

తొమ్మిదో వారం నన్ను కమిటీ గదికి పిలిచారు. లక్షణం ఆమెని ఆపితే పోయింది కాబట్టి, మళ్లీ ఆమెని నా ముందు పెట్టి చూడాలి. కానీ కడుపుకి చేటు చేస్తుందని అనుమానం ఉన్నదాన్ని పేషెంటు ముందు మళ్లీ పెట్టడం న్యాయమా? అది తేల్చడానికి కమిటీ కూర్చుంది. పెద్ద డాక్టర్, ఒక రిటైర్డు జడ్జిగారు, ఒక పళ్ల డాక్టర్. వైద్యం తెలియని మనిషి కూడా ఒకరుండాలని రూలట, అందుకని కుట్టుపని నేర్పే టీచరమ్మ. ఆవిడ ఏదో స్వెటర్ అల్లుతూనే ఉంది.

అంగీకార పత్రం పేషెంటుకి చదివి వినిపించడం ఆమె డ్యూటీ. నా వైపు చూడకుండా చదివింది.

"అనుమానిత కారణాన్ని మీ ఎదుట అరగంటపాటు ఉంచుతారు. లక్షణం తిరిగి రావచ్చు, ఇంకా ఎక్కువ కావచ్చు. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు." "సందేహాలేమైనా ఉన్నాయా?"

"ఒకటుందండీ."

"అడుగు నాయనా," అన్నారు జడ్జిగారు.

"అరగంటేనా? పెంచడానికి వీలుందా?"

టీచరమ్మ చేతిలో సూదులు ఆగిపోయాయి. ఆమె కాగితంలోంచి తలెత్తి నన్ను చూసింది. మూడు వారాల తర్వాత మొదటి చూపు. నేను డైరీ తీశాను. '10.40. పదికి పది.'

"చూశారా, వచ్చేసింది!" అని పెద్ద డాక్టర్ లేచి నిలబడ్డాడు. "అదుగో, చెమట! చెవులు ఎర్రబడ్డాయి!"

"అమ్మాయి చెవులు కూడా ఎర్రబడ్డాయి," అన్నాడు పళ్ల డాక్టర్. "అంటువ్యాధేమో."

"మీ మొహం," అంది టీచరమ్మ. "ఇంతమంది చదువుకున్నవాళ్లున్నారు, మీలో ఒక్కరికీ వయసులో ఇది రాలేదా?"

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు ఓసారి వచ్చింది. బస్టాపులో. దాదాపు నలభై అయిదేళ్లయింది."

"తగ్గిందా సార్?" అన్నాడు పెద్ద డాక్టర్, నోట్సు రాసుకోవడానికి పెన్ను తీసి.

"రోజూ పొద్దున్నే కాఫీ తెచ్చిస్తోంది."

విషయం బయటపడింది, ఇక నన్ను తీసేస్తారు. లేచి నిలబడి, "సార్, మా మధ్య ఒక్క మాట కూడా లేదు. గొడుగుకి కూడా రశీదుంది," అని పర్సులోంచి తీసి చూపించాను. అది చేతులు మారి జడ్జిగారి దాకా వెళ్లింది. ఆయన రెండుసార్లు చదివి, తీర్పు చెప్పారు. లక్షణానికి మందుతో సంబంధం లేదు. పరిచయం ఉన్నట్టు రుజువు లేదు. అరవయ్యో పేషెంటు కొనసాగవచ్చు. మిగిలిన వారాలు మాత్రం కాంపౌండరే చూడాలి.

మిగిలిన వారాలు ఎలా గడిచాయో అడక్కండి. పదో వారం కాంపౌండరుకి జాలిపడి ఒక మార్కు వేద్దామా అనుకున్నాను గానీ, అబద్ధం రాయకూడదు. మంట మాత్రం పూర్తిగా పోయింది. నాది ఉత్తుత్తి మాత్రేనని, స్టడీ అయ్యాక ఎవరిది ఏ మాత్రో రాసిన కవరు సీలు విప్పితే తెలిసింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అందరికంటే బాగుపడి, అసలు మాత్ర పరువు తీశానని పెద్ద డాక్టర్‌కి ఇప్పటికీ నా మీద కోపమే.

పన్నెండో మంగళవారం అక్క కూడా బయల్దేరింది. "ఆ కాంపౌండరు మీసాలు చూడాలిరా," అంది.

గదిలో కాంపౌండరు నా చేత ఆఖరి సంతకం చేయించుకుని, గడియారం చూసి, తలుపు తీసి, "అయిపోయిందమ్మా, రండి," అన్నాడు. ఆమె వచ్చింది. చేతిలో ఒక ఫారం.

"స్టడీ అయిపోయింది," అంది. ఊపిరి పీల్చుకుంది. "అరవైమందీ అయ్యారు. కానీ మీ ఫైలు మూయడం కుదరట్లేదు. ఒక లక్షణానికి ముగింపు తేదీ లేదు."

ఫారం చూశాను. మూడు గడులు. తగ్గింది, తగ్గుతోంది, కొనసాగుతోంది.

"నిజం చెప్పాలి," అంది.

"కొనసాగుతోందండీ."

ఆ గడిలో టిక్కు పెట్టింది. "అయితే తగ్గేదాకా మేం ఫాలో అప్ చెయ్యాలి. రూలు."

"తగ్గకపోతే?"

"తగ్గేదాకా అన్నాగా."

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ," అన్నాను. పన్నెండు వారాలుగా ఖాళీగా ఉన్న గడి నిండినట్టయింది. "ఆ రోజు చెప్పలేక కాదు. చెబితే మీ అరవై పోతుందని."

"తెలుసు. అరగంట పెంచమన్నప్పుడు తెలిసింది." ఆమె ఫారం కిందనుంచి ఇంకో కాగితం తీసింది. అదే డైరీ నమూనా, పేషెంటు పేరు దగ్గర ఆమె పేరు. ప్రతి మంగళవారమూ ఉంది. 10.40, పదికి ఏడు. పదికి తొమ్మిది. ఆరో వారం ఎదుట 'పదికి రెండు. ఏడుపు.' ఎనిమిదో వారం ఎదుట 'గొడుగు. పదికి పదకొండు.'

"పదికి పదకొండు వెయ్యకూడదండీ," అన్నాను.

"వెయ్యనివ్వరా, ఆ అమ్మాయి ఇష్టం!" అంది అక్క వెనకనుంచి. అక్క అక్కడుందని ఇద్దరం మర్చిపోయాం.

ఆమె కంగారుగా కాగితాలు సర్దుకుంది. "ఈ రెండింటికీ సాక్షి సంతకం కావాలండీ. కాంపౌండరుగారు పెడతారు..."

"నేనుండగా ఆయనెందుకు?" అని అక్క పెన్ను లాక్కుంది. నా ఫారం మీద సంతకం పెట్టి, 'పేషెంటుతో సంబంధం' అన్నచోట 'అక్క' అని రాసింది. తర్వాత ఆమె కాగితం ముందుకు జరుపుకుని, ఆమెని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, సంతకం పెట్టింది. సంబంధం దగ్గర ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, గుండ్రటి అక్షరాలతో రాసింది.

'ఆడపడుచు.'