ఒక్క అభ్యంతరం

ధ్రువ ఒప్పంద సభలో అభ్యంతరం చెప్పాల్సిన శాస్త్రవేత్త ఆ ఉదయం హోటల్ బాత్‌టబ్‌లో శవమై తేలాడు. గుండెపోటని డాక్టర్ రాసేశాడు. చెవి వెనుక సూది గుచ్చిన గుర్తు అతనికి కనిపించలేదు, లేదా కనిపించనట్టు నటించాడు.

“మంచు కింద దొరికిన సూక్ష్మజీవి పిల్లల జ్వరానికి మందవుతుంది,” అన్నాడు ఏజెన్సీ చీఫ్. అందరికీ ఆయన పెద్దాయన. “ముందు తవ్విన కంపెనీకే పేటెంట్ అని ఇవాళ తీర్మానం. ఆ కంపెనీ చేతికి పోతే మందు డబ్బున్నోళ్లకే. ఒక్క దేశం కాదన్నా తీర్మానం పోతుంది. కానీ చచ్చినవాడి బదులు కూర్చునే మన రాయబారి నోరు విప్పడు. ఆయన కూతుర్ని ఆ కంపెనీవాళ్లు ఎత్తుకుపోయారు.”

“నా పని?” అన్నాడు మౌని. మాటలు కరువు కాబట్టి ఆ ఏజెంట్‌కి ఆఫీసు పెట్టిన పేరది. అలాంటివాణ్ణి అనువాదకుడి వేషంలో పంపడం పెద్దాయన మార్కు హాస్యం.

సభ హాల్లో, అనువాదకుల గాజు బూత్‌లో రెండో కుర్చీలో ఆమె ఉంది. ఎర్ర సిల్కు, ఖరీదైన సెంటు, వేలికి పెద్ద ఉంగరం. ఒకప్పుడు మౌనికి పని నేర్పిన ఏజెంట్, ఇప్పుడు అవతలివాళ్ల మనిషి. ఆ హాల్లో రాయబారి భాష తెలిసినవాళ్లు వీళ్లిద్దరే.

“బాగా చిక్కిపోయావు తమ్ముడూ.”

“అమ్మాయి బతికే ఉందా అక్కా?”

“మీ రాయబారి అభ్యంతరం లేదంటే సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. మనుషుల్ని చంపాను గానీ, ఎప్పుడైనా మాట తప్పానా?”

తప్పలేదు. మౌనికి ఆ సంగతి బాగా తెలుసు.

సభాధ్యక్షుడు సుత్తి ఎత్తాడు. “ఎవరికైనా అభ్యంతరమా?”

రాయబారి మైకు ముందుకు వంగాడు. “అభ్యంతరం లేదు.”

మౌనికి చచ్చేంత భయమేసింది. అయినా మీట నొక్కి, హాల్లో అందరికీ తెలిసిన భాషలో స్పష్టంగా చెప్పాడు: “అభ్యంతరం ఉంది.”

సుత్తి గాల్లోనే ఆగింది. తీర్మానం వీగిపోయిందని అధ్యక్షుడు ప్రకటించాడు.

ఆమె మైకు ఆపి, ఫోన్ తీసుకుంది. “రాయబారి మాట నిలబెట్టుకున్నాడు, నేను విన్నాను. తప్పింది నువ్వు.” ఫోన్‌లో పొడిగా చెప్పింది: “పిల్లని వదిలెయ్యండి.” ఆ తర్వాత ఉంగరం మూత తిప్పింది.

“ఇదంతా ఆలోచించుకునే వచ్చావు కదూ?”

“నువ్వు నేర్పిందేగా అక్కా.”

పెనుగులాడితే ఆమె మళ్లీ ఆ ఫోన్ తీస్తుంది, పిల్ల ఇల్లు చేరదు. మౌని కదలకుండా కూర్చున్నాడు. చెవి వెనుక చల్లగా తగిలింది.

సభ ముగిస్తూ అధ్యక్షుడు, ఆనవాయితీ ప్రకారం, అనువాదకులకు కృతజ్ఞతలు చెప్పాడు. ముఖ్యంగా వాళ్ల కచ్చితత్వానికి.