పన్నెండు గీతలు

ఆదివారం పొద్దున నాగవల్లి పెసరట్టు తిరగేస్తుండగా వసారాలోంచి మామగారి కేక వినిపించింది. అట్టులో ఉల్లిపాయ తక్కువైనా నాగేశ్వరరావుగారు అలాగే కేకేస్తారు కాబట్టి ఆమె పట్టించుకోలేదు. రెండో కేకకి మాత్రం స్టవ్ కట్టేసి వచ్చింది. ఆయన చేతిలో స్కాచ్ సీసా ఉంది, దాని పెట్టె కింద పడి ఉంది.

నాగేశ్వరరావుగారు ముప్పయ్యేళ్లు ఒక కాంట్రాక్టరు దగ్గర ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. పెన్షన్ లేదు గానీ, ఆ కాంట్రాక్టరు పోయించిన స్కాచ్ రుచి మాత్రం మిగిలింది. ఆదివారం సాయంత్రం ఒకే ఒక్క పెగ్గు, అదీ స్కాచే అయి ఉండాలి. ఇక్కడి విస్కీ పేరెత్తితే ముక్కు మూసుకుంటారు. అమ్మ పోయాక ఆయన నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే కదా అని కొడుకు అఖిలేష్ మూడు నెలలకోసారి నానా తంటాలు పడి ఒక సీసా తెచ్చేవాడు. ఆటోనగర్‌లో లారీ ఆఫీసు గుమాస్తా జీతంతో స్కాచ్ అంటే మాటలా? రెండువేల మూడులో షాపులో దాని ధర పద్నాలుగు వందలు. బెజవాడంతా తిరగ్గా తిరగ్గా, గవర్నర్‌పేటలో ఒక లాడ్జి వెనకాల ఒకతను, ఓడలోంచి దిగిన సరుకని చెప్పి ఆరొందల యాభైకే ఇచ్చాడు. ఏడాదిగా అతని దగ్గరే కొంటున్నాడు అఖిలేష్.

ఇంత చేసినా పెద్దాయనకి కొడుకు మీద నమ్మకం లేదు. పెగ్గు తాగిన ప్రతిసారీ సీసా వెనక లేబుల్ మీద నీలం బాల్‌పెన్నుతో ఒక గీత గీస్తారు. సీసాకి పన్నెండు పెగ్గులు, పన్నెండు గీతలు. పదో గీతకే సీసా ఖాళీ అయితే ఇంట్లో ఇంకెవరో తాగినట్టు. ఆ ఇంకెవరో అఖిలేష్ కాక ఎవరవుతారు? చుక్క ముట్టని మనిషి మీద ఆ కాపలా చూసినప్పుడల్లా నాగవల్లికి ఒళ్లు మండేది.

"వాణ్ణి పిలువు!" అన్నారాయన.

అఖిలేష్ తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు.

"నిన్న నువ్వు తెచ్చిన కొత్త సీసా ఇది. సీలు కూడా విప్పలేదు. వెనక చూడు."

లేబుల్ మీద పన్నెండు నీలం గీతలున్నాయి. స్కేలు పెట్టి గీసినట్టు అన్నీ ఒకే ఎత్తు, ప్రతి గీత చివరా చిన్న కొక్కెం. అవి ఎవరి చేతి గీతలో ఆ ఇంట్లో ఒకరు చెప్పక్కర్లేదు.

"నా గీతలు నేను పోల్చుకోలేననుకున్నావట్రా? పాత సీసాలో చవక మందు పోసి, సీలేయించి నాకు పోస్తున్నావు. మిగిలిన డబ్బులు ఎవరు తింటున్నారు? నువ్వా, నీ పెళ్లామా?"

"నాన్నా, నిన్న సాయంత్రం గవర్నర్‌పేటలో కొన్నాను. అమ్మ మీద ఒట్టు."

"పోయినదాన్ని ఈ రొచ్చులోకి లాగకు! దొంగ వెధవా!"

నలభై ఏళ్లు వచ్చినా తండ్రి గొంతు పెంచితే అఖిలేష్ తల వంచేస్తాడు. అది చూసి నాగవల్లి ముందుకొచ్చింది.

"ఆ సీసా అమ్మింది నేను, మామయ్యగారూ. మామూలు సీసాకి రూపాయి ఇచ్చే రత్తయ్య, పెట్టె, మూత బాగుంటే నలభై ఇస్తానన్నాడు. ఆ డబ్బు మీ బీపీ మాత్రలకే వాడాను. ఖాళీ సీసాకి అంతెందుకు ఇస్తున్నాడో అడగలేదు చూడండీ, అదీ నా తప్పు."

"కథలు చెప్పకు!"

"కథో కాదో ఇప్పుడే తేలుతుంది, ఉండండి."

పాత పేపర్లు, సీసాలు కొనే రత్తయ్య ఆదివారం తప్పకుండా ఆ వీధికొస్తాడు. అతని కేక వినపడగానే నాగవల్లి గేటు దగ్గరికి వెళ్లి, వెనకే వచ్చిన తండ్రీకొడుకుల ఎదుట నిలదీసింది.

"రత్తయ్యా, పెట్టెలున్న ఫారిన్ సీసాలు ఎవరికిస్తున్నావు?"

ముగ్గురి మొహాలూ చూసి అతను బెదిరిపోయాడు. "గవర్నర్‌పేట నుంచి స్కూటరు మీద ఒకాయనొస్తాడమ్మా. పెట్టె, మూత నలక్కుండా ఉంటేనే తీసుకుంటాడు. ఏం చేసుకుంటాడో నాకేం తెలుసు తల్లీ!"

అఖిలేష్ తండ్రి వైపు తిరిగాడు. "అన్నీ వాడి దగ్గరే కొన్నాను. లోపల ఏం పోసి అమ్మాడో! మీకేమన్నా అయ్యుంటే నాన్నా?"

దొంగ అనిపించుకున్న మనిషి అప్పుడు కూడా తండ్రి గురించే కంగారుపడుతున్నాడు. నాగవల్లి ఇక ఆగలేకపోయింది.

"ఏడాదిగా ప్రతి ఆదివారం లొట్టలేసుకుంటూ 'ఇదీ స్కాచ్ అంటే' అన్నారు కదండీ! మందు దొంగదని మీ నాలుకకి తెలియలేదు. కొడుకు దొంగని మాత్రం ఇట్టే తెలిసిపోయిందా? ఆ ఆరొందల యాభై ఎక్కణ్ణుంచి వస్తోందో ఎప్పుడైనా అడిగారా? ఆటో డబ్బులు మిగల్చడానికి మీ అబ్బాయి రోజూ ఎండలో ఆటోనగర్ నుంచి పటమటలో మనింటి దాకా నడిచొస్తున్నారు. ఆఫీసులో టీ మానేశారు. ఆ చెప్పులు చూడండి ఒకసారి!"

"వల్లీ, ఊరుకో," అన్నాడు అఖిలేష్.

"ఊరుకోను! కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆరేళ్లు ఊరుకున్నాను, చాలు."

నాగేశ్వరరావుగారు గుమ్మం పక్కనున్న చెప్పుల వైపు చూశారు. మడమల దగ్గర కాగితంలా అరిగిపోయి ఉన్నాయి. ఒకదానికి రెండుచోట్ల నల్లదారంతో కుట్లు పడ్డాయి. రోజూ వాటిని దాటుకుంటూనే ఆయన పేపరు తెచ్చుకుంటారు. ఏనాడూ కంటికి ఆనలేదు.

ఆయన సీసా పట్టుకుని పెరట్లోకి నడిచారు. మూత తిప్పి అలవాటుగా వాసన చూశారు. ఇప్పటికీ అది అసలో నకిలీయో తేల్చుకోలేకపోయారు. ఆ సిగ్గుతోనే అంతా తూములో ఒంపేసి, సీసాని గోనెపట్టాలో చుట్టి, రుబ్బురోలు పొత్రం ఎత్తి దాని మీద వేశారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

అఖిలేష్ పరుగెత్తుకొచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "చెయ్యి తెగుతుంది నాన్నా, వదిలెయ్యండి!"

"వదలరా! ఇది మళ్లీ ఇంకో ఇంటికి పోకూడదు," అంటూనే ఆయన అక్కడే చతికిలబడ్డారు. "అవి పెగ్గుల గీతలు కావురా. నీ మీద గీసినవి. వారం వారం కూర్చుని, కన్నకొడుకు మీద గీసుకున్నాను. ఎంత నీచమైన పనిరా!" అంటూ కండువా మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. అఖిలేష్ తడిగచ్చు మీదే ఆయన పక్కన కూర్చుని, వీపు నిమురుతూ తనూ ఏడ్చాడు.

నాగవల్లికి కళ్లు చెమర్చాయి గానీ కోపం తగ్గలేదు. ఆరేళ్ల కోపం ఒక్క పూటలో పోదు. చల్లారిపోయిన అట్టు తీసేసి, వాళ్లిద్దరికీ మళ్లీ వేడిగా పోసింది.

సాయంత్రం ఏడయ్యింది. పెద్దాయన వసారాలో తన కుర్చీలో వచ్చి కూర్చున్నారు, పెగ్గు మాత్రం అడగలేదు. నాగవల్లి ఆయన విస్కీ గ్లాసే తీసి, నిండా మజ్జిగ పోసి, ఎదురుగా పెట్టి నిలబడింది. ఏమంటారో చూద్దామనే నిలబడింది. ఆయన అడుగంటా తాగి గ్లాసు కింద పెట్టారు. అలవాటు కొద్దీ చెయ్యి జేబులోని బాల్‌పెన్ను మీదికి పోయింది.

"అఖీ, ఇలా రారా," అన్నారు.

అఖిలేష్ వచ్చి నిలబడ్డాడు. ఆయన లేచి, ఆ పెన్ను తీసి కొడుకు చొక్కా జేబులో పెట్టారు.

"ఆఫీసులో రాసుకో. నాకిక దీంతో పని లేదు. రేపట్నుంచి ఆటోలో రా."